అసలు సక్కగుంటేనే కొసరు

పోయిన నెల మా ఇంట్ల ఒక పంచాయితి అయింది. వాకిట్ల మొదలయి వంటింట్ల దాకా పోయింది. రెండు రోజులు ఎవరూ ఎవరితోని సరిగ మాట్లాడలేదు. కారణం ఏందంటే 60 ఎర్ర టవళ్ళు.

మా కోడలు రెండేండ్ల నుంచి ఇంటి దగ్గర టవళ్ళు అమ్ముతది. వేరే ఊళ్ళ ఉన్న మనోళ్ళకు తెలువకపోతే చెప్తున్న. మా సోలాపూర్ దిక్కు పెండ్లిళ్ళల్ల, శుభకార్యాలల్ల పెద్దమనుషులకు టవలు, టోపీ పెట్టి మర్యాద చేసే రివాజు ఉన్నది. అందుకే టవళ్ళకు ఎప్పుడూ గిరాకి ఉంటది. కోడలు ఒక కార్ఖాన నుంచి ఠోక్ ధరకు తెస్తది. ఇంట్ల మడతపెట్టి, కవర్ల వేసి, ఇరుగుపొరుగుకు, పెండ్లి ఆర్డర్లకు ఇస్తది. 105 రూపాయలకు తెచ్చిన టవలు 120కి అమ్ముతది. టవలుకు 15 రూపాయలు మిగులుడు అన్నట్టు.

ఒకాయన బిడ్డ పెండ్లికి 60 టవళ్ళు తీసుకున్నడు. 7,200 రూపాయలు ఒక్కసారే ఇచ్చిండు. కోడలు సంబురపడ్డది. అంత పెద్ద ఆర్డరు ఆమెకు అదే మొదటిది. పెండ్లి అయింది. పన్నెండో రోజు పొద్దున ఆయన మా వాకిట్ల నిలబడ్డడు. చేతుల ఒక ధోతి. తెల్ల ధోతి గులాబి రంగు అయి ఉన్నది.

“ఇది మా వియ్యంకుని ధోతి. మీ టవలుతోని కలిపి నానబెట్టిండ్రు. మొత్తం ఇట్ల అయింది. పిల్ల అత్తగారింట్ల నా బిడ్డ ముంగట ‘మీ నాయిన పెట్టిన మర్యాద ఇదేనా’ అని నవ్విండ్రంట. పైసలు పోతే సంపాదిస్త. నా పరువు ఎక్కడ కొనాలె చెప్పు” అన్నడు.

కోడలు నోట మాట రాలేదు. నా కొడుకు మాత్రం గట్టిగ మాట్లాడిండు. “అన్నా, అమ్మిన సరుకు వాపసు తీసుకోము. ఎర్ర బట్టను తెల్ల బట్టతోని నానబెట్టుడు మీ తప్పు” అన్నడు. మా ఇంటామె కూడ కొడుకు దిక్కే. “అందరికి పైసలు వాపసు ఇచ్చుకుంట పోతే యాపారం ఏం మిగులుతది” అన్నది. ఆయన ధోతిని మా అరుగు మీద పెట్టి, మళ్ళ మాట్లాడకుంట పోయిండు.

ఆ రాత్రి కోడలు నన్ను అడిగింది. “మామా, మీరు బట్ట చెక్ చేసే పనిల ఇన్నేండ్లు ఉన్నరు. తప్పు ఎవరిది చెప్పుండ్రి.”

నేను లేచి ఒక కొత్త ఎర్ర టవలు తీసుకున్న. పాత తెల్ల పంచె ముక్కను తడిపి, పిండి, ఆ టవలు మీద పది సార్లు రుద్దిన. తెల్ల గుడ్డకు ఎర్రగ అంటుకున్నది. ఇంక అడగాల్సిన పని లేకుండె. తప్పు నానబెట్టినోళ్ళది కాదు, టవలుదే.

ఫోల్డింగ్ ఖాతల నేర్చిన పాఠం

నేను నాలుగో తరగతి దాకనే చదివిన. మిల్లుల మొదలు బదిలీ మీద చేరిన, తర్వాత పర్మినెంటు అయిన. ఎక్కువ ఏండ్లు ఫోల్డింగ్ ఖాతల పనిచేసిన. మగ్గం మీద నుంచి దిగిన బట్ట మా కాడికి వచ్చేది. ఏటవాలు బల్ల మీద, దీపం వెలుతురుల బట్టను గుంజుకుంట చూడాలె. పడుగుల పోగు తెగి సన్న గీత పడ్డదా, పేక తప్పిందా, నూనె మరక ఉన్నదా, అని చూడాలె. తప్పు దొరికితే గుర్తు పెట్టాలె. మంచి బట్ట ఒక దిక్కు, సెకండ్సు ఒక దిక్కు, చిన్న తుకడాలు ఒక దిక్కు పోయేటియి. తుకడాలను మిల్లుల ‘ఫెంటు’ అనేటోళ్ళం. మనలో ఎంతమంది పిల్లల అంగీలు ఆ ఫెంట్ల తోనే కుట్టించలేదు?

కొత్తల నేను తొందర తొందర చూసేటోన్ని. ఎక్కువ తానులు దాటితే జాబర్ మెచ్చుకుంటడని ఆశ. ఒక రోజు నేను దాటించిన తానుల గజం పొడుగు గీత దొరికింది. మాతోని ఒక ముసలాయన పనిచేసేటోడు. ఆయన తిట్టలేదు. “నువ్వు ఈ బట్ట ఎవరికి ఇస్తున్నవ్?” అని అడిగిండు. “సేఠుకు” అన్న. “సేఠు తొడుక్కుంటడా దీన్ని? ఏదో ఊళ్ళె ఒక రైతు, పండుగకు పైసలు కూడబెట్టి కొంటడు. వాని పెండ్లాం కుట్టించినంక ఈ గీత చూస్తది. వాడు నీ కాడికి వచ్చి అడగలేడు. మన మిల్లు పేరు మాత్రం చూసి పెట్టుకుంటడు” అన్నడు.

ఆ రోజుల్ల మిల్లు బట్ట అంచు మీద మిల్లు పేరు ముద్ర ఉండేది. ముద్ర మంచిదయితే అదే పిలిచి అమ్ముతది. చెడ్డదయితే అదే ముద్ర చూసి గిరాకి తానును పక్కకు నెడతడు. గిరాకి సంతోషం అంటే ఏందో నాకు ఆ ముసలాయన మాటతోనే తెలిసింది. మాల్ పోకపోతే సేఠుకు లాభం తగ్గుతది. మనకయితే పాళీ పోతది. మిల్లులు మూతబడ్డదానికి కారణాలు చానా ఉన్నయి, అన్నీ ఒక్క నాణ్యత మీద వేసుడు అన్యాయం. కని ఆర్డరు లేని రోజు మగ్గం ఆగితే ఆ చప్పుడు లేని షెడ్డు ఎట్ల ఉంటదో మనకు తెలుసు.

సాన్ఫరైజ్డ్ ముద్ర ఎందుకు వచ్చింది

మీల పెద్దోళ్ళకు యాదికి ఉంటది. ఎనుకట కొత్త నూలు బట్ట తెస్తే దర్జీకి ఇచ్చే ముందు నీళ్ళల్ల నానబెట్టి ఆరేసేది. ఎందుకంటే కుట్టినంక ఉతికితే కుంచుకపోతది. కొందరు పావు గజం ఎక్కువ కొనేటోళ్ళు. పిల్లల అంగీలయితే రెండు వేళ్ళు వదులుగ కుట్టమనేటోళ్ళు. అంటే బట్ట చేసినోని లోపానికి కొన్నోడు జేబుల నుంచి కట్టేటోడు.

దీనికి మందు కనిపెట్టింది అమెరికాల శాన్‌ఫర్డ్ క్లూయెట్ అనే ఆయన, 1930 ప్రాంతంల. బట్టను ఆవిరితోని తడిపి, మందమైన పట్టా మీద నొక్కి, ఇంట్ల ఉతికినప్పుడు కుంచుకపోవాల్సింది ముందుగాల్నే మిల్లుల కుంచుకపోయేటట్టు చేసిండు. ఆయన పేరు మీదనే దాన్ని ‘సాన్ఫరైజ్డ్’ అన్నరు. ఆ ముద్ర వేసుకోవాలంటే లైసెన్సు తీసుకోవాలె, బట్ట పరీక్షల నిలబడాలె. ఆ ముద్ర ఉన్న బట్ట 100కు 1 వంతు కన్న ఎక్కువ కుంచుకపోవద్దు. మన దేశం మిల్లులు కూడ పైసలు కట్టి ఆ ముద్ర తెచ్చుకున్నయి, పేపర్లల్ల దాని జాహిరాతులు ఇచ్చినయి.

సేఠులు ఊరికె ఎందుకు కడతరు? ఒక్కసారి మోసపోయిన గిరాకిని మళ్ళ దుకాణం మెట్టు ఎక్కించుడు కష్టం. ఉన్న గిరాకిని నిలబెట్టుకునుడు సులువు, ఖర్చు కూడ తక్కువ. సంతోషపడ్డోడు మళ్ళ వస్తడు, ఇంకొకన్ని తోలుకస్తడు. కోపమొచ్చినోడు చానాసార్లు కొట్లాట కూడ పెట్టుకోడు, చప్పుడు చేయకుంట పక్క దుకాణానికి పోతడు. మన కాడికి వచ్చి తిట్టినోడు ఒక రకంగ మనకు మేలు చేసినట్టే. తప్పు ఎక్కడ ఉన్నదో చెప్పిండు కద.

మిల్లు తర్వాత నేను ఒక టవళ్ళ కార్ఖానల కొన్నేండ్లు చెకర్ పని చేసిన. విదేశాలకు పోయే బట్ట చూసే పద్ధతి అక్కడ నేర్చుకున్న. దాన్ని నాలుగు పాయింట్ల పద్ధతి అంటరు. తప్పు 3 అంగుళాల లోపు ఉంటే 1 పాయింటు. 3 నుంచి 6 అంగుళాలయితే 2. 6 నుంచి 9 అయితే 3. 9 దాటితే 4. మామూలుగ 100 చదరపు గజాలకు 40 పాయింట్లు దాటితే ఆ బట్ట ఫెయిలు. చూస్తే చిన్న లెక్కనే. కని ఎక్కడో సముద్రం అవతల ఉన్న మనిషి ఏం కోరుకుంటున్నడో ఆ లెక్క మా బల్ల మీదికి తెచ్చి పెట్టింది. ‘బాగుంది, బాగలేదు’ అని నోటి మాటగ కొట్లాడే పని లేదు. అంగుళాల పట్టీ పెట్టి చెప్పాలె.

మన సోలాపూర్ చద్దరు సంగతి కూడ అంతే. ఈ చద్దరు పేరు మన తాతలు, తండ్రులు మగ్గాల మీద నిలబడి సంపాదించిన పేరు. ఏండ్ల తరబడి వాడినా చిరగదని జనానికి నమ్మకం. ఆ నమ్మకం చూసే వేరే ఊళ్ళల్ల నేసిన దాన్ని కూడ సోలాపూర్ చద్దరు అని అమ్మవట్టిండ్రు. అందుకే 1999ల చేసిన చట్టం కింద సోలాపూర్ చద్దరుకు, సోలాపూర్ టెర్రీ టవలుకు జి.ఐ. గుర్తింపు తీసుకున్నరు. వేరే ఊరి మాలుకు ఆ పేరు పెట్టి అమ్మితే కేసు వేసే హక్కు దానితోని వచ్చింది. కని చట్టం నకిలీ పేరునే ఆపుతది. మన ఊళ్ళనే కచ్చా రంగు వేసి మన పేరు మనమే చెడగొట్టుకుంటే దాన్ని ఏ చట్టం ఆపుతది?

కొసరు ఎన్ని రకాలు

ఎనుకట కిరాణ కొట్టుకు పోతే పప్పు తూసినంక ఇంకొక పిడికెడు వేసేటోడు. అది కొసరు. ఎంట పోయిన పిలగానికి బెల్లం ముక్క పెట్టేటోడు. దీపావళికి క్యాలెండరు ఇచ్చేటోడు. పాళీ లేని నెల ఉద్దెర ఖాతాల రాసుకునేటోడు. గిరాకిని సంతోషపెట్టే విద్య ఇవాళ కొత్తగ కంపెనీలు కనిపెట్టింది కాదు.

ఇప్పుడు పేర్లు మారినయి. పెద్ద దుకాణం కార్డు ఇస్తది, కొన్నకొద్ది పాయింట్లు పడతయి. ఒకటి కొంటే ఒకటి ఫ్రీ అంటది. నచ్చకపోతే ఏడు రోజులల్ల మార్చుకోమంటది. కొన్నంక ఫోన్ చేసి “సార్, మీరు సంతోషంగ ఉన్నరా” అని అడుగుతది. ఇవన్నీ చెడ్డవి అని నేను అనను. మార్చుకునే సౌలతు, ఫోన్ చేస్తే ఎత్తి జవాబు చెప్పే మనిషి, ఇవి నిజంగ పనికొచ్చేటియి. కని పప్పుల రాళ్ళు ఉంటే బెల్లం ముక్కతోని ఏం లాభం? తూకం సరిగ ఉండాలె, మాల్ సరిగ ఉండాలె, తప్పయితే ఒప్పుకోవాలె. ఈ మూడు అసలు. మిగిలింది కొసరు. అసలు సక్కగుంటేనే కొసరు తియ్యగ ఉంటది.

ఇంకొక మాట. కొన్ని కంపెనీలు కొసరు ఇస్తయి కని దాన్ని తమ జేబుల నుంచి ఇయ్యవు, పనోని చేతుల నుంచి గుంజి ఇస్తయి. మా మేనల్లుడు పుణెల బండి మీద తిండి పార్సిళ్ళు ఇస్తడు. ఇచ్చినంక గిరాకి ఫోన్ల ఐదు చుక్కలల్ల ఎన్ని అని నొక్కుతడు. మొన్న ఇంటికొచ్చినప్పుడు చెప్పిండు. “మామా, హోటల్ల వండుడు ఆలస్యమైతది, వానల బండి నడవది, లిఫ్టు చెడిపోతది. కూర చల్లగ అయిందని ఆమె రెండు చుక్కలు ఇస్తది. ఆ రెండు చుక్కలు హోటలుకు పడవు, నాకు పడతయి. వారం చివర నా బోనస్ పోతది.”

నాకు అప్పుడు మా ఇంటామె చుట్టిన బీడీలు యాదికొచ్చినయి. ఆకు బాగలేకపోయినా, తంబాకు పొడి ఎక్కువ ఉన్నా, చెకర్ పక్కకు తీసిన బీడీలకు కూలి పడేది కాదు. ఆకు ఇచ్చింది కార్ఖాన. నష్టం ఆడమనిషిది. గిరాకి సంతోషం పేరు మీద ఇదే లెక్క ఇప్పటికీ నడుస్తున్నది.

అందుకని నా ఇన్నపం. మనం కూడ గిరాకులమే. ఫోన్ల చుక్కలు నొక్కే ముందు ఒక్క నిమిషం ఆలోచిద్దాం. కూర బాగలేకపోతే హోటలు మీద ఫిర్యాదు చేద్దాం. మాల్ చెడిపోయి వస్తే కంపెనీ మీద చేద్దాం. తెచ్చిచ్చిన పిలగాడు మర్యాదగ ఇచ్చిండా, వానికి పూర్తి చుక్కలు ఇద్దాం. వాడు మన గల్లీ పిలగాడే, పేరు మాత్రం వేరే.

బోర్డు మీద రాసినంత మాత్రాన చట్టం కాదు

మళ్ళ మా ఇంటి పంచాయితికి వస్త. నా కొడుకు “అమ్మిన సరుకు వాపసు తీసుకోము” అన్నడు కద. ఈ మాట చానా దుకాణాలల్ల బోర్డు మీద రాసి ఉంటది. మనం చదివి, చెడిపోయిన మిక్సరును సంకల పెట్టుకొని ఊకె వాపసు వస్తం. దీని గురించి కార్మిక సంఘంల పనిచేసిన ఒక దోస్తును అడిగి తెలుసుకున్న. మీరు కూడ రాసిపెట్టుకోండి.

మన దేశంల 1986ల వినియోగదారుల చట్టం వచ్చింది. దాని బదులు 2019ల కొత్త చట్టం చేసిండ్రు, అది 2020 జులై నుంచి అమలుల ఉన్నది. ఈ చట్టం ప్రకారం లోపం ఉన్న సరుకును బిల్లు మీద రాసిన గడువుల వాపసు తీసుకోకపోవుడు అన్యాయపు వ్యాపారం. బిల్లు మీద గడువు రాసి లేకపోతే 30 రోజులు లెక్క. బోర్డు ఎంత పెద్దగ రాసినా సరే. బిల్లు ఇయ్యకపోవుడు కూడ అన్యాయపు వ్యాపారమే. అయితే ఒకటి యాదుంచుకోండి. ఇది లోపం ఉన్న సరుకు సంగతి. రంగు నచ్చలేదు, మనసు మారింది అంటే దుకాణపోడు తీసుకోవాల్నని ఈ చట్టంల లేదు, అది ఆయన మంచితనం.

మొదలు దుకాణపోనితోని మర్యాదగ మాట్లాడండి. వినకపోతే 1915 నంబరుకు ఫోన్ చేయండి, అది జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్. అప్పటికీ పని కాకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్ల ఫిర్యాదు ఇయ్యవచ్చు. మనం ఉండే జిల్లాలనే ఇయ్యవచ్చు, కంపెనీ ఎక్కడ ఉన్నా సరే. కొన్న వస్తువుకు కట్టిన పైసలు 5 లక్షల లోపు ఉంటే ఫీజు లేదు. వకీలు లేకుంట మనమే మాట్లాడుకోవచ్చు. రెండేండ్ల లోపల ఇయ్యాలె. బిల్లు మాత్రం జాగ్రత్త. మా ఇంటామె బిల్లులన్నీ పాత బిస్కెట్ల డబ్బాల దాస్తది. రేషన్ కార్డు ఎంత ముఖ్యమో ఆ డబ్బ అంత ముఖ్యం.

నేను ఇదంత నా కొడుకుకు చెప్పిన. “రేపు నువ్వు కొన్న ఫ్యాన్ తిరగకపోతే దుకాణపోడు బోర్డు చూపిస్తే ఊరుకుంటవా?” అని అడిగిన. “ఎందుకు ఊరుకుంట” అన్నడు. అంతట్ల వానికే సమజయింది. ఇంకేం మాట్లాడలేదు.

లెక్క ఎట్ల తేలింది

కోడలు, నేను ఆయన ఇంటికి పోయినం. ఆమెనే మాట్లాడింది. “అన్నా, తప్పు మా టవలుదే. మా మామ రుద్ది చూసిండు. ఏం చేయాల్నో చెప్పుండ్రి” అన్నది. ఆయన కాసేపు ఏం మాట్లాడలేదు. లోపటి నుంచి చాయ్ తెప్పించిండు. అప్పుడు అన్నడు, “పంచగ మిగిలినయి 19 ఉన్నయి, అవి మార్చి ఇయ్యి బిడ్డా. వియ్యంకుల ఇంట్ల పెట్టినయి 12. వాటికి బదులు మంచియి ఇయ్యి. మిగిలినయి మా సుట్టాలల్ల పోయినయి, వాళ్ళకు నేను చెప్పుకుంట.”

అంటే 31 టవళ్ళు. కొనుగోలు ధరనే 3,255 రూపాయలు. కోడలు బచత్ గట్టుల దాచుకున్న పైసలు తీసింది. వేరే కార్ఖానల, రుద్ది చూసి మరీ తెచ్చింది. వియ్యంకుల ఇంటికి ఆ 12 టవళ్ళు తానే తీసుకపోయి, చేతికి ఇచ్చి, “ఇది మా తప్పు, పిల్ల నాయినది కాదు” అని చెప్పి వచ్చింది. ఆ మాట చెప్పేందుకు ఎంత గుండె కావాల్నో ఆలోచించండి. కొసరు కింద ఒక కొత్త ధోతి కూడ పెట్టింది. అది నేను కొనిచ్చిన, ఆ లెక్క ఆమె ఖాతాల రాయలేదు.

తర్వాత మొదటి కార్ఖాన సంగతి. వాళ్ళు ముందు ఒప్పుకోలేదు. “ఉతికిన మాల్ మాకు సంబంధం లేదు” అన్నరు. కోడలు సంచిల నుంచి తెల్ల గుడ్డ తీసి, గ్లాసెడు నీళ్ళు అడిగి, ఆయన బల్ల మీదనే కొత్త టవలు మీద రుద్దింది. నూలుకు రంగు వేసినంక అంటకుంట మిగిలిన రంగును వేడి నీళ్ళ సబ్బుతోని మంచిగ కడగాలె. నీళ్ళు, కట్టెలు, టైము మిగులుతయని ఆ కడుగుడు తక్కువ చేస్తే రంగు ఇట్లనే కారుతది. ఈ సంగతి ఆయనకు మా కన్న ఎక్కువ తెలుసు. 19 టవళ్ళ పైసలు, 1,995 రూపాయలు, వాపసు ఇచ్చిండు. వాడినవాటికి ఇయ్య అన్నడు.

నేను 1915కు ఫోన్ చేద్దామనుకున్న. కని దోస్తు చెప్పిండు, మళ్ళ అమ్మేతందుకు కొన్నోళ్ళు ఆ చట్టం కింద వినియోగదారులు కారని. అంటే కోడలు అమ్మేటప్పుడు చట్టం ఆమె మీద ఉంటది, ఠోక్‌ల కొనేటప్పుడు ఆమె ఎనుక ఉండదు. ఇండ్లల్ల చిన్న చిన్న యాపారాలు చేసుకునే మన అక్కచెల్లెండ్లు ఈ ముచ్చట మస్తుగ గుర్తుపెట్టుకోవాలె. పైసలు కట్టే ముందే ప్రతి రంగుల ఒకటి తీసి తడి గుడ్డతోని రుద్ది చూడాలె. “రంగు పోతే వాపసు” అని బిల్లు మీద రాయించుకోవాలె. రాసియ్యను అన్నోని కాడ కొనొద్దు. పెద్ద ఆర్డరయితే ఒక మూల సబ్బు నీళ్ళల్ల తెల్ల గుడ్డతోని కలిపి అర్ధగంట నానబెట్టి చూడాలె.

లెక్క చెప్త. ఆ ఆర్డరు మీద 900 రూపాయలు లాభం రావాలె. అన్నీ తీసేస్తే 360 రూపాయలు నష్టం వచ్చింది. పది రోజుల తిరుగుడు వేరే. మా ఇంటామె ఇప్పటికీ అంటది, “మస్తు మర్యాద సంపాదించినవు, పైసలు ఎక్కడ?” అని. నేను జవాబు చెప్పలేను. ఆయన ఇంకొక బిడ్డ పెండ్లికి మా కాడికే వస్తడో రాడో నాకు తెల్వది. మొన్న మార్కండేయ గుడి కాడ కలిసినప్పుడు నమస్తే పెట్టిండు, కొంచెం సేపు నిలబడి మాట్లాడిండు. అంతే.

కని ఒకటి చూసిన. మా తలుపు పక్క మొలకు ఒక తెల్ల గుడ్డ వేలాడుతున్నది. కొత్త మాల్ వస్తే కోడలు ముందు దాన్నే తడుపుతది. కొనేతందుకు వచ్చినోళ్ళ ముంగట కూడ రుద్ది చూపిస్తది. మొన్న ఒకామె ఇది చూసి, “నాకు నాలుగు ఇయ్యి, నాకు కూడ ఈ రుద్దుడు నేర్పు” అన్నది. నా కొడుకు రాత్రి పాళీ నుంచి వచ్చి, అడగకుండనే ఒక తాను మీద రుద్ది చూస్తున్నడు.

మీ ఇండ్లల్ల కూడ ఒక తెల్ల గుడ్డ పెట్టుకోండి. అమ్మే మాలుకు, కొనే మాలుకు రెండిటికి పనికొస్తది. వచ్చే నెల మళ్ళ కలుద్దాం.